రెండు పిడుల రౌటర్

మా కోడలికి చెక్కపనికి ఏ రౌటర్ మిషన్ కొనాలో తేలక చాలా రోజులు నిద్ర పట్టలేదు. అన్నం ముందు కూర్చున్నా ఫోను చేతిలోనే ఉండేది. ఒక మిషన్ బొమ్మ చూస్తుంది, పక్కకు జరుపుతుంది, ఇంకోటి చూస్తుంది. దీనికి వేగం తగ్గించుకోవచ్చట, దానికి కుదరదట. ఇది చెక్క అంచుల్ని గుండ్రంగా చేస్తుందట, అది చెక్క నడుమ దిగి గాడి తీస్తుందట. "అత్తమ్మా, గిది మంచిగున్నదా, గది మంచిగున్నదా?" అని ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టేది. నేను రొట్టె తుంచుకుంటూ, "నన్నెందుకడుగుతవే? నేనేనాడన్న ఉలి పట్టిన్నా?" అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. కట్టెపని చేసే వడ్లోళ్ళ ఇంట్లో పుట్టి, వడ్లోళ్ళ ఇంటికే కోడలిగా వచ్చిన నాకు జుట్టు తెల్లబడేదాకా ఒక్క ఉలి దొరకలేదు. గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టిన ఈమెకేమో ఏది కావాలో ఎంచుకోవడం కష్టమైపోయింది. అలాంటి కష్టం దేవుడు నాకు ఒక్కపూట కూడా ఇవ్వలేదు.

నాకు సంతకం వరకే వస్తుంది. నేను చెప్తుంటే దీన్ని రాస్తున్నది కూడా ఆ కోడలే, రేణుక. ఇప్పుడు చెప్పిన మాట దగ్గర కలం ఆపి నా మొహంలోకి చూసింది. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను.

మా పుట్టిల్లు పాలమూరుకు అవతల, మట్టి కన్నా రాయి ఎక్కువ ఉన్న ఊరు. మా బాపు ఊరందరికీ నాగళ్ళు, గుంటుకలు, బండి చక్రాలు, దర్వాజలు చేసేవాడు. పొద్దున నేను కళ్ళు తెరిచేసరికే కొట్టంలో సానరాయి ముందు కూర్చుని ఉండేవాడు. రాయి మీద నీళ్ళు చల్లి ఉలిని ముందుకూ వెనక్కూ ఒకే తీరుగా నూరేవాడు. ఆ చప్పుడుతోనే మా ఇంట్లో తెల్లారేది. పదును వచ్చిందా లేదా అని ఎడమ ముంజేతి మీది వెంట్రుకలు గొరిగి చూసుకునేవాడు. అందుకని ఆ చేయి ఎప్పుడూ పసిపిల్లల చేయిలా నున్నగా ఉండేది. అమ్మ జొన్న రొట్టె, ఎల్లిపాయ కారం తెచ్చి కొట్టం గడప బయటే పెట్టి పిలిచేది. లోపలికి వచ్చి ఇవ్వడం అనేది లేదు. అవ్వ, అంటే బాపు తల్లి, అరుగు మీద కాళ్ళు చాపుకుని వక్క నములుతూ ఎవరు లోపలికి పోతున్నారో, ఎవరి చీరకుచ్చెళ్ళు ఎక్కడ తగులుతున్నాయో కనిపెట్టేది. ఉలులు పరిచిన గోనెసంచిని ఆడమనిషి దాటిందా, ఇక ఆ రోజు తిట్లు ఆ వాడంతా వినాల్సిందే. వానలకు ముందు మిరుగం కార్తె దగ్గర పడితే రైతులు విరిగిన నాగళ్ళు భుజాన వేసుకుని వాకిట్లోనే కూర్చునేవారు. పచ్చి తుమ్మ చెక్క వాసన, బాపు బీడీ వాసన, వాళ్ళ చెమట వాసన, మూడూ కలిసిన వాసన నాకు ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే ఆగిపోతాను.

పెద్ద దుంగలు కోయాలంటే కోత రంపానికి ఇద్దరు కావాలి. దుంగను గుంజల మీద ఏటవాలుగా నిలబెడతారు. ఒకరు పైకెక్కి రంపాన్ని పైకి గుంజాలి, ఒకరు కింద నిలబడి కిందికి గుంజాలి. పైన బాపు. కింద మా అన్న అంజయ్య నిలబడాల్సింది, కానీ అతనికి ఉబ్బసం ఉండేది, రంపపు పొట్టు పడేది కాదు. అందుకని కింది పిడి నాకు వచ్చింది. కోసినంతసేపూ పొట్టు నా నెత్తి మీద, రెప్పల మీద, రైక లోపల పడేది. వేప దుంగ కోసిన రోజు ఏం తిన్నా చేదే, మంచినీళ్ళు తాగినా చేదే. భుజాలు మగపిల్లల భుజాల్లా గట్టిపడ్డాయి. "సూడనీకె వచ్చినోళ్ళు ఏమంటరో ఏమో, కొంగు నిండ కప్పుకోవే" అని అమ్మ బాధపడేది. నాకు మాత్రం ఆ పని నచ్చింది. నచ్చిందా అని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం కోత ఆపాక బాపు మొహం కడుక్కుని అన్నను పిలిచేవాడు. పక్కన కూర్చోబెట్టుకుని చేతికి ఉలి ఇచ్చి, అన్న వేళ్ళ మీద తన వేళ్ళు వేసి, సుత్తె ఎంత మెల్లగా తగలాలో చూపించేవాడు. నేను చీపురు పట్టి పొట్టు ఊడుస్తూ ఆ వేళ్ళనే చూసేదాన్ని. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక, "బాపూ, నాకు గూడ సూపియ్యి" అన్నాను. బాపు కోపగించలేదు. నా నెత్తిన ఉన్న పొట్టు దులిపాడు.

"రంపం గుంజు బిడ్డా, ఎంతన్న గుంజు. ఉలి మాత్రం ముట్టకు. ఉలి ఇంటిపేరోళ్ళది. రేపు నీ ఇంటిపేరు మారుతది. మా పని తీస్కపోయి ఇంకోలింట్ల పెడ్తవా?"

అరుగు మీంచి అవ్వ అందుకుంది. "దానికి ఉలెందుకురా? అత్త పండ్లు ఊడగొడ్తదా?"

వాకిట్లో ఉన్న రైతులు కూడా నవ్వారు. అన్న కూడా నవ్వాడు. మా అన్న చెడ్డవాడు కాదు, తన వంతు బెల్లం ముక్క కూడా నాకే పెట్టేవాడు. అయినా ఉలి పట్టిన అతని చేయి చూస్తే నాకు ఓర్వబుద్ధి అయ్యేది కాదు. ఒకసారి అతని బొటనవేలు తెగింది. అమ్మ పసుపు అద్దింది, బాపు తన ధోతి అంచు చింపి కట్టు కట్టాడు. వారం దాకా ఊళ్ళో ఎవరు కనపడినా, "ఏం రా అంజిగా, పని నేర్సుకుంటున్నవా?" అని ఆ వేలు పట్టుకుని అడిగేవారు. నాకు ఆ కట్టు కావాలనిపించింది. తెగిన వేలు కావాలనిపించింది. అప్పుడు నా అరచేతుల నిండా రంపం పిడి కాయలు ఉన్నాయి, వాటిని ఎవరూ పట్టుకుని చూడలేదు.

పెళ్ళయింది. నల్లగొండ దిక్కు సంబంధం, వాళ్ళూ వడ్లోళ్ళే. ఇంటిపేరు మారింది కదా, ఇక నేను ఈ ఇంటిపేరుదాన్నే కదా అని మనసులో ఒక ఆశ. మా ఆయన మంచి పనివాడు, నెమ్మది మనిషి, నన్ను ఏనాడూ చేయెత్తి కొట్టలేదు. ఉలి అడిగితే మాత్రం, "మీ బాపు పద్ధతి వేరే, మా పద్ధతి వేరే. పరాయింటి చెయ్యి మా ఉలికి అచ్చిరాదు" అన్నాడు. పుట్టింట్లో పోయేదాన్ని, అత్తింట్లో వచ్చినదాన్ని. ఎక్కడా ఉన్నదాన్ని కాలేదు. ఆయన పోయినప్పుడు, కర్మలు ముగిసిన పూటే మా మరిది వచ్చి ఉలులు, చెక్క నున్నగా చేసే రందా, దుంగ చెక్కే బాడిసె అన్నీ సంచిలో వేసుకుని పోయాడు. రివాజు అన్నారు. కొడుకు శ్రీను చిన్నవాడు. నేను దర్వాజకు ఆనుకుని చూస్తూ ఉన్నాను. ఆ దర్వాజ కూడా ఆయన చేసిందే.

రాష్ట్రం వచ్చాక చౌటుప్పల్ సడక్ పొడుగూతా మందుల కంపెనీలు, ప్లాట్లు, కొత్త ఇళ్ళు లేచాయి. శ్రీనుకు ఒక కంపెనీలో పని దొరికింది. రేణుక అక్కడే పని చేసేది. ఇద్దరూ ఇష్టపడ్డారు, పెళ్ళి చేశాం. బిడ్డ పుట్టాక ఆమె కంపెనీ మానేసింది. మా కిరాయి ఇంటి వెనక రేకుల షెడ్డు ఒకటి ఊరికే పడి ఉండేది. అందులో కూర్చుని ఫోను చూసుకుంటూ రొట్టెలు చేసే పీటలు, దేవుడి పీటలు, ఇంటి ముందు తగిలించే పేరు పలకలు చేయడం మొదలుపెట్టింది. ముందు వాడకట్టు వాళ్ళు కొన్నారు, తర్వాత ఎక్కడెక్కడి వాళ్ళో ఫోను చేశారు. ఆమెతో ఉలి ముట్టకు అన్నవాళ్ళు లేరు. ఆమె దాటకూడని గోనెసంచి లేదు. మా బాపు లెక్కన చూసినా, మా ఇంటిపేరు పెట్టుకున్నది ఆమే. ఇదంతా నేను పొయ్యి ముందు కూర్చుని లెక్క వేసుకునేదాన్ని, పప్పు మాడేదాకా.

చివరికి ఒక ఆదివారం ముగ్గురం సడక్ మీది దుకాణానికి పోయాం. దుకాణాయన బల్ల మీద రెండు మిషన్లు పెట్టాడు. ఒకటి చిన్నది, నీళ్ళ చెంబంత ఉంటుంది, ఒక్క చేత్తో పట్టుకోవచ్చు. ఇంకోటి పొట్టిగా, బరువుగా, రెండు పక్కలా రెండు పిడులతో ఉంది. ఆయన మా శ్రీనును చూసి, "ఇంటి పనికా అన్నా, గుత్త పనికా?" అన్నాడు.

"నన్నడిగితే ఏమొస్తదన్నా? నాకు మేకు కొట్టుడు గూడ రాదు. పని చేసేది ఆమె."

"మేడమా? గట్లయితే గీ చిన్నది తీస్కపోండ్రి. ఆడోళ్ళ చేతికి అల్కగుంటది. గా పెద్దది గుంజుకపోతది."

"నాకు చెక్క నడిమిట్ల గాడి తియ్యాలన్నా," అంది రేణుక. "మెల్లగ లోపల్కి దిగాలె, అనుకున్న కాడ ఆగాలె. చిన్నదాన్తోని అంచుల పనే మంచిగైతది."

"అది నిజమే గాని మేడం, బరువు సూసుకోవాలె గద."

నేను మధ్యలో దూరాను. "ఆయన చెప్పేది ఇను. చిన్నదే తీస్కో. పెద్దది నీతోని కాదు."

నోట్లోంచి మాట వచ్చాక తెలిసింది, అది మా అవ్వ గొంతు. అయినా వెనక్కి తీసుకోలేదు. ఆ రెండు పిడులదాన్ని ఆమె చేతుల్లో చూడటం నావల్ల కాదు, అంతే. రేణుక నా వైపు తిరిగి, పెద్ద మిషన్‌ను బల్ల మీదే నా ముందుకు జరిపింది.

"నాతోని కాకుంటె పాయె. నీతోని అయితదేమో సూడు."

అందులో వెటకారం ఉంది. ఉన్నా సరే, పట్టుకున్నాను. రెండు పిడులూ రెండు అరచేతుల్లోకి వచ్చి కూర్చున్నాయి. లేపితే బరువు ముంజేతుల గుండా పాకి భుజాల వెనక్కి పోయింది. కోత రంపం గుంజినప్పుడు ఎక్కడ తెలిసేదో సరిగ్గా అక్కడే తెలిసింది. ఇన్నేళ్ళూ కండలు ఎటు పోయాయనుకున్నానో, ఎటూ పోలేదు. "పెద్దమ్మా పైలం, కాలు మీద పడ్తది," అన్నాడు దుకాణాయన. నాకు దింపబుద్ధి కాలేదు. పక్కన ఎవరో మేకులు కొనడానికి వచ్చి, నన్ను చూస్తూ నిలబడ్డారు.

"అత్తమ్మా, బల్ల మీద పెట్టు. వాళ్ళు డబ్బాల పెట్టాలె గద."

"పెడ్త తియ్యి. నేనేం తింటున్నా?"

ఆ పెద్దదే కొన్నారు. ఎంచింది నా చేతులు, రసీదు మీద పడింది రేణుక పేరు. ఇంటికి వచ్చేదాకా ఆమె ఆ డబ్బా మీంచి చేయి తీయలేదు.

మరునాడు షెడ్డులో పని మొదలుపెట్టే ముందు రేణుక చేతులకున్న గాజులన్నీ తీసి స్టీలు గిన్నెలో వేసింది. ఆ చప్పుడుకు నేను వంటింట్లోంచి పరుగెత్తి వచ్చాను. "గాజులు తీస్తవా? మొగడు బతికుండంగ?" అన్నాను. "తియ్యకుంటె మిషన్ల వడ్తయి అత్తమ్మా. గాజులు కావాల్నా, చెయ్యి కావాల్నా?" అంది. పని ముగిశాక మళ్ళీ ఒక్కొక్కటే తొడుక్కుంది, ఎర్రవి ఎర్రవాటి పక్కన, పచ్చవి పచ్చవాటి పక్కన. నేను చూస్తూ నిలబడ్డాను. నావి ఒకేసారి తీశారు, నలుగురు ఆడవాళ్ళు పట్టుకుని. నాకు ఈర్ష్య కలిగినవన్నీ చెప్పమంటే, ఉలి కన్నా మిషన్ కన్నా ముందు ఆ గిన్నెలోంచి గాజులు తీసి వేసుకునే ఆ తీరు చెప్తాను. ఆమెకు అది పనిలో ఒక పని. కూరగాయలు కడిగినట్టు.

ఆ మొదటి రోజు ఆమె మిషన్‌ను తోయకూడని వైపుకు తోసింది. కూత పెట్టి తిరుగుతున్న మిషన్ చెక్కను కొరకడం మాని, పలుపు తెంపుకున్న లేగదూడలా అంచు వెంట ఉరికింది. చెక్క పెచ్చులుగా లేచిపోయింది. రేణుక ఎట్లాగో బటన్ ఆపి, నేల మీద కూర్చుండిపోయింది. నాకేమో లోపల చల్లగా అనిపించింది. అబద్ధం ఎందుకు, మంచిగా అనిపించింది. చాయ్ చేసి ఇచ్చి, "నేను చెప్పలే?" అన్నాను. ఆమె చాయ్ తాగుతూనే ఫోను తీసి మళ్ళీ చూసింది. "ఉల్టా తోసిన అత్తమ్మా. అది తిరిగే దిక్కుకు ఎదురు తొయ్యాల్నట," అంది. లేచి ఎదురు తోసింది. గాడి వెన్నలో వేలు పెట్టి గీసినట్టు దిగింది. నా చల్లదనం అక్కడితో అయిపోయింది.

కొన్నాళ్ళు షెడ్డు వైపు చూడకుండా చాయ్ గడప బయటే పెట్టి వచ్చాను. అలా పెట్టి వస్తూ ఒకరోజు నేనే ఆగాను. మా అమ్మ కూడా ఇట్లాగే పెట్టి పోయేది, కానీ ఆమెను లోపలికి రానియ్యలేదు కాబట్టి పెట్టింది. నన్ను ఎవరు ఆపారు ఇప్పుడు? గ్లాసు పట్టుకుని లోపలికే పోయాను. "నాకియ్యి జర," అన్నాను.

"భయమైతలేదా?"

"దుంగ కింద నిలబడ్డదాన్ని. నాకేం భయమే?"

ఆమె నా కొంగు నడుముకు బిగించి దోపింది, తలకు గుడ్డ కట్టింది, కళ్ళకు అద్దాలు పెట్టింది. బటన్ నొక్కగానే మిషన్ చేతుల్లో ఒక్కసారి మెలి తిరిగింది. గట్టిగా పట్టాను. చెక్కలోకి దించి ఎదురు తోశాను. టేకు పొట్టు లేచి మూతి మీద పడింది. వేపలా చేదు కాదది. ఆపి చూసుకుంటే గాడి ఇటు కొంచెం, అటు కొంచెం పోయింది. రేణుక వంగి చూసి, "మా గొర్లు గిట్లనే నడుస్తయి అత్తమ్మా," అంది. ఇద్దరం నవ్వాం. ఆ రోజు నుంచి పనికిరాని చెక్కలన్నీ నాకు వదిలేది. నేను వాటి మీద గాడులు తీస్తూ కూర్చునేదాన్ని. మోచేతులు నొప్పి పుట్టేవి, రాత్రి నూనె రాసుకునేదాన్ని. రేణుక గాడి పక్కన నా గాడి పెట్టి చూసుకుంటే మాత్రం ఒళ్ళు మండేది.

ఆ మధ్య కొత్త ప్లాట్లలో ఇల్లు కట్టుకున్న ఒక టీచరమ్మ దేవుడి గదికి తలుపు చేయమంది. రెండు రెక్కల తలుపు. రెక్క మీద నాలుగు పక్కలా గాడి, నడుమ చిన్న పద్మం. "ఒక రెక్క నాది," అన్నాను. రేణుక చేతిలో ఉన్న చెక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. పేరు పోయేది ఆమెది. టీచరమ్మ పది మందికి చెప్పే మనిషి. చివరికి, "సరె, చెయ్యి," అంది. చేశాను. పద్మం మంచిగా వచ్చింది. గాడి కూడా మంచిగా వచ్చిందనే అనుకున్నాను.

బిగించడానికి పోయిన రోజు టీచరమ్మ తలుపు ముందు నిలబడి, వేలితో గాడి వెంట రాస్తూ వచ్చింది. ముందు రేణుక రెక్క. తర్వాత నాది. నా రెక్క మీద కింది దాకా వచ్చి ఆమె వేలు ఆగింది.

"రేణుకా, ఈ గీత కిందికొచ్చేవరకు జర పక్కకు పోయినట్టున్నది?"

నేను రేణుకను చూశాను. చెక్కలో ముడి ఉందనో, కరెంటు పోయి వచ్చిందనో ఏదో ఒకటి చెప్పి దాటేస్తుందనుకున్నాను.

"గా రెక్క మా అత్తమ్మ చేసింది మేడం," అంది.

ముందు నా చెవులు వేడెక్కాయి. ఎంత మాట అంది నలుగురిలో అనుకున్నాను. ఆ వేడిలోనే మా కొట్టం కళ్ళ ముందుకు వచ్చింది. దుంగ కోత వంకర పోయిన రోజుల్లో బాపు పైనుంచి దిగి అన్ననే తిట్టేవాడు, మసిదారంతో గీత సరిగా కొట్టలేదని. కింది పిడి జారింది నా చేతిలోనే అని నాకు తెలుసు, బాపుకు ఇంకా బాగా తెలుసు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. ఆడబిడ్డ మీద ఎంత ప్రేమ అని అమ్మలక్కలు అనేవారు. ప్రేమే, కాదనను. కానీ తప్పు కూడా నా పేరు మీద పడని ఇల్లు అది.

టీచరమ్మ మొహం చిన్నబోయింది. "అయ్యో, పెద్దామె చేసిందా? ఉండనీ ఉండనీ. పరదా కడితే ఏం కనవడదు."

"పరదా కట్టకు బిడ్డా," అన్నాను. "ఊడదీయమను. మల్ల చేసి తెస్త."

ఆమె రేణుక వైపు తిరిగింది. "ఎన్ని దినాలు వడ్తదమ్మా?"

"ఆమెనే అడుగుండ్రి మేడం. ఆమె పని."

బందులు విప్పుతుంటే రేణుక రెక్క ఒక్కటే దర్వాజకు మిగిలింది. ముట్టుకుంటే చప్పుడు లేకుండా తిరుగుతోంది. గాడి ఒక్కచోట కూడా తొణకలేదు. నాకు దాని వైపు చూడబుద్ధి కాలేదు, చూడకుండా ఉండబుద్ధీ కాలేదు.

"గీ రెక్కకు నీకెన్ని దినాలు వట్టింది?" అని రేణుకను అడిగాను.

"రెండు."

"గట్లయితె నాకు ఒక్కటి సాలు."

"తొందర వడితే మల్ల వంకర వోతది అత్తమ్మా."

"వోతే మల్ల నా పేరే చెప్పు," అన్నాను.